తీరిన ఋణం, తీరని ప్రశ్న: వ్యాచెస్లావ్ ఫెతిసోవ్ క్రీడాజీవితం

రాజ్యమే గురువై విద్య నేర్పి, రాజ్యమే యజమానియై అన్నం పెట్టి, కీర్తినీ పతకాలనూ కట్టబెట్టినప్పుడు, ఆ విద్య చివరకు ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఏదో ఒకనాడు తలెత్తక మానదు. సోవియట్ రాజ్యంలో ఈ ప్రశ్నను నర్తకులు, సంగీత విద్వాంసులు, శాస్త్రజ్ఞులు, చదరంగ క్రీడాకారులు వేర్వేరు సందర్భాలలో ఎదుర్కొన్నారు. కొందరు విదేశీయాత్ర నుంచి తిరిగిరాకుండా ఉండిపోయి దానికి జవాబు చెప్పగా, అధికసంఖ్యాకులు మౌనాన్నే ఆశ్రయించారు. ఐస్ హాకీ క్రీడాకారుడైన వ్యాచెస్లావ్ ఫెతిసోవ్ ఈ రెండు మార్గాలనూ కాదన్నాడు. సైన్యంలో మేజర్ హోదాలో ఉండి, జాతీయ జట్టుకు నాయకుడై ఉండి, తాను తీర్చవలసిన ఋణం తీరిందని అధికారుల ఎదుటనే వాదించి, ఆ అధికారుల అనుమతితోనే దేశం దాటాడు. అతని జీవితచరిత్రలో పతకాల సంఖ్య తక్కువేమీ కాదు. అయితే ఆ పతకాలకన్న అతని వాదమూ, ఆ వాదానికి అతని ఉత్తరజీవితం ఇచ్చిన సమాధానమూ చరిత్రకారుని దృష్టిని ఎక్కువగా నిలుపుతాయి.

మనకు పరిచయమైన పచ్చిక మైదానపు హాకీకీ ఈ ఆటకూ చేతిలోని కర్రలో తప్ప సామ్యం స్వల్పం. గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురేసి ఆటగాళ్ళు స్కేట్లు తొడుక్కుని, నాలుగు వైపులా పలకలతో కట్టిన మంచు వేదికపై, పక్ అనే రబ్బరు బిళ్ళకోసం పెనగులాడతారు. వేగం, శ్రమ ఎంత తీవ్రమైనవంటే ఏ ఆటగాడూ ఒక్క పర్యాయంలో నిమిషానికి మించి మంచుపై నిలవడం అరుదు. అందుచేత జట్టును దళాలుగా విభజించి, ఒక దళం అలసిపోగానే మరొక దళాన్ని దింపుతారు. ముగ్గురు ఫార్వర్డులూ ఇద్దరు రక్షకులూ ఉండే ఈ ఐదుగురి దళమే ఆటకు ప్రాణం. ఫెతిసోవ్ చరిత్ర ఒక విధంగా చూస్తే రెండు దళాల చరిత్ర: ఒకటి మాస్కోలో ఆజ్ఞచేత ఏర్పడినది, మరొకటి దేశం దాటిన తరువాత అమెరికాలోని డెట్రాయిట్‌లో ఏర్పడినది.

రష్యాలో ఈ ఆట వయస్సు అప్పటికి ఎక్కువ కాదు. మంచుపై బంతితో ఆడే హాకీ అక్కడ చిరకాలంగా ఉన్నా, పక్‌తో ఆడే కెనడా పద్ధతిలో తొలి సోవియట్ జాతీయ పోటీలు 1946 డిసెంబరులో మొదలయ్యాయి. ఎనిమిదేళ్ళు తిరగకుండానే, 1954లో స్టాక్‌హోంలో, సోవియట్ జట్టు తాను పాల్గొన్న తొలి ప్రపంచ పోటీలోనే కెనడాను 7–2 తేడాతో ఓడించి విజేతగా నిలిచింది. ఇంతటి త్వరితగతికి రాజ్యపోషణ ఒక కారణమైతే, అనతోలీ తరాసోవ్ అనే శిక్షకుని మేధస్సు మరొక కారణం. సైన్యపు క్లబ్బైన సీఎస్‌కేఏను తీర్చిదిద్దిన తరాసోవ్ కెనడావారిని అనుకరించి వారిని మించడం అసాధ్యమని గ్రహించాడు. దేహబలంతో ప్రత్యర్థిని ఢీకొని పక్‌ను గెలుచుకోవడం వారి పద్ధతి. పక్ చేతనున్న వానికన్న లేనివారి కదలికే ముఖ్యమనీ, మంచుపై ఖాళీని సృష్టించి అందులోకి పక్‌ను పంపడమే కళ అనీ ఆయన బోధించాడు. బాలే నృత్యం నుంచీ చదరంగం నుంచీ ఆయన పాఠాలు ఏరుకున్నాడు. 1963 మొదలు 1971 వరకు వరుసగా తొమ్మిది ప్రపంచ టైటిళ్ళు ఆ బోధనకు ఫలాలు. 1972లో కెనడా వృత్తిక్రీడాకారులతో జరిగిన ఎనిమిది పోటీల పరంపరలో, చివరి పోటీ చివరి నిమిషంలో పడిన గోల్‌తో మాత్రమే కెనడా గట్టెక్కడం వల్ల, ఈ రెండు విద్యలూ సమఉజ్జీలని లోకానికి తేటతెల్లమైంది.

ఫెతిసోవ్ 1958 ఏప్రిల్ 20న మాస్కోలో జన్మించాడు. యుద్ధానంతరం పుట్టిన సాధారణ కుటుంబపు బాలునికి ఆ రోజుల్లో హాకీ వినోదమే కాక ఔన్నత్యానికి సోపానం కూడా. సైన్యపు క్లబ్బు నడిపిన బాలుర పాఠశాలలో చేరి, తరాసోవ్ సంప్రదాయపు నీడలో పెరిగి, పద్దెనిమిదేళ్ళ ప్రాయం నాటికే అతడు ప్రధాన జట్టు గుమ్మం తొక్కాడు. 1977, 1978 సంవత్సరాలలో ప్రపంచ జూనియర్ పోటీలలో సోవియట్ జట్టు గెలుపుకు తోడ్పడ్డాడు. 1978లోనే ప్రాగ్ నగరంలో పెద్దల ప్రపంచ పోటీలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉండడమే కాక, ఆ పోటీకి ఉత్తమ రక్షకునిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది కెనడాకు చెందిన మాంట్రియల్ క్లబ్బు, ఉత్తర అమెరికా వృత్తిక్రీడాకారుల లీగైన నేషనల్ హాకీ లీగ్ వార్షిక ఎంపికలో, 201వ పేరుగా అతన్ని నమోదు చేసుకుంది. సోవియట్ పౌరుడు ఆ లీగ్‌లో ఆడడం ఊహకందని ఆ కాలంలో, ఆ నమోదు ఎన్నటికీ చెల్లుబాటు కాని హుండీవంటిదే.

రక్షకుడన్న పేరు ఫెతిసోవ్ ఆటకు పూర్తిగా సరిపోదు. ప్రత్యర్థిని అడ్డుకోవడంతో తన ధర్మం ముగిసిందని అతడెన్నడూ తలచలేదు. పక్ తన కర్రకు తగిలిన క్షణం నుంచే ఎదురుదాడికి రూపకల్పన చేసి, మంచు మధ్యభాగాన్ని తానే దాటి, ఫార్వర్డులతో కలసి గోల్‌ను ముట్టడించేవాడు. కెనడాలో బాబీ ఆర్ అంతకుముందే రక్షకుడు దాడికి కూడా సూత్రధారి కాగలడని నిరూపించాడు. అయితే ఆర్ ప్రతిభలో ఏకవీరుని మెరుపు కనిపిస్తే, ఫెతిసోవ్ ప్రతిభ తక్కిన నలుగురి కదలికలనూ ముందే చదివి తన కదలికను వాటితో శ్రుతి చేయడంలో ఉంది. సోవియట్ లీగ్‌లో రక్షకుడై ఉండి 150కి పైగా గోల్స్ చేయడం, ప్రపంచ పోటీలలో ఐదు పర్యాయాలు ఉత్తమ రక్షకునిగా నిలవడం ఈ సమన్వయశక్తికి కొలమానాలు.

1977లో సీఎస్‌కేఏకూ జాతీయ జట్టుకూ కూడా విక్తర్ తిఖనోవ్ శిక్షకుడయ్యాడు. ఫెతిసోవ్ జీవితంలో తండ్రి స్థానంలోనూ ప్రతినాయక స్థానంలోనూ చెప్పుకోదగిన ఈ వ్యక్తిని గురించి తీర్పు చెప్పేటప్పుడు తొందర తగదు. నిర్బంధ సైనికసేవ అనే చట్టం ఆయన చేతిలో అపూర్వమైన ఆయుధం: దేశంలో ఏ మూల ప్రతిభ మొలకెత్తినా, సైనికునిగా పిలిపించి తన క్లబ్బులో చేర్చుకునేవాడు. మాస్కో శివార్లలోని అర్ఖంగెల్‌స్కొయె శిబిరంలో ఆటగాళ్ళు ఏడాదిలో దాదాపు పదకొండు నెలలు గడిపేవారు. భార్యాబిడ్డలను చూడడానికి కూడా శిక్షకుని అనుమతి కావలసి వచ్చేది. తరాసోవ్ కూడా కఠినుడే, కాని ఆయన కాఠిన్యంలో కళాకారుని ఉత్సాహం తొణికిసలాడేది. తిఖనోవ్ కాఠిన్యంలో మిగిలింది పాలకుని అనుమానం. 1977 నుంచి 1989 వరకు వరుసగా పదమూడు జాతీయ టైటిళ్ళు సైన్యపు క్లబ్బు చేజిక్కించుకుంది. ఈ నిర్విరామ విజయం శిక్షకుని సామర్థ్యాన్ని ఎంత చాటుతుందో, తక్కిన క్లబ్బులను అది ఎంత నిస్సారం చేసిందో కూడా అంతే చాటుతుంది. ఒకే చెట్టు ఏపుగా పెరగడానికి తోటలోని నీరంతా మళ్ళించిన వైనమది.

ఆ వ్యవస్థకు తొలి దెబ్బ 1980 ఫిబ్రవరి 22న అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో తగిలింది. విశ్వవిద్యాలయ విద్యార్థులతో కూర్చిన అమెరికా జట్టు ఒలింపిక్ స్వర్ణం తమదేనని నమ్మివచ్చిన సోవియట్ జట్టును 4–3తో ఓడించింది. తొలి విభాగం ముగియగానే మహామేటి గోల్‌కీపర్ వ్లదిస్లావ్ త్రెత్యాక్‌ను తిఖనోవ్ పక్కన పెట్టడం ఆనాటినుంచి నేటివరకు చర్చనీయాంశమే. ఇరవయ్యొక్క ఏళ్ళ ఫెతిసోవ్ రజత పతకంతో ఇల్లు చేరాడు. పరాభవం తిఖనోవ్‌ను ఆత్మపరిశీలనవైపు కాక ప్రక్షాళనవైపు నడిపింది: వయస్సు మళ్ళినవారిని ఒక్కొక్కరినే తొలగించాడు. ఆ తరానికి ఆరాధ్యుడైన వలేరీ ఖర్లామోవ్‌కు 1981లో జాతీయ జట్లు తలపడిన కెనడా కప్ పోటీకి వెళ్ళే జట్టులో చోటు దక్కలేదు. జట్టు కెనడాకు చేరిన రోజుల్లోనే, ఆగస్టు 27న, ఆయన మాస్కో సమీపాన రోడ్డు ప్రమాదంలో మరణించాడు. సేవ చేసినవానిని సేవాశక్తి తగ్గగానే వదిలివేసే రాజ్యస్వభావాన్ని యువ ఫెతిసోవ్ అప్పుడే చూశాడు. ఏడెనిమిదేళ్ళ తరువాత అతడు పలికిన మాటలకు బీజాలు ఇక్కడే పడ్డాయనుకోవడం అసంగతం కాదు.

అదే ప్రక్షాళన ఒక అద్భుతానికి కూడా కారణమైంది. ఫెతిసోవ్, అతని పక్కన అలెక్సెయ్ కసతోనోవ్ రక్షకులుగా, సెర్గెయ్ మకారోవ్, ఇగోర్ లారియొనోవ్, వ్లదీమిర్ క్రుతోవ్ ఫార్వర్డులుగా 1981లో ఏర్పడిన దళం, సాధనవేళ ధరించే చొక్కాల రంగును బట్టి ఆకుపచ్చ దళంగా ప్రసిద్ధి పొందింది. లారియొనోవ్ మాస్కో వెలుపలి వస్క్రెసెన్‌స్క్ పట్టణపు క్లబ్బు నుంచి వచ్చిన సన్నని యువకుడు. దాడి మధ్యలో నిలిచి ఇరువైపులకూ పక్‌ను పంచిపెట్టేవాడు. మకారోవ్ వేగం, క్రుతోవ్ బలం, కసతోనోవ్ స్థైర్యం ఒకదానికొకటి అమరగా, వారి ఆట ఒకే చేతికి ఉన్న ఐదు వేళ్ళ కదలికలా సాగేది. దాడి కుదరనప్పుడు పక్‌ను వృథాగా ముందుకు విసరక, వెనక్కి తీసుకుని మళ్ళీ అల్లిక మొదలుపెట్టడం ప్రత్యర్థులకు కొత్త అనుభవం. 1981 సెప్టెంబరులో మాంట్రియల్‌లో జరిగిన కెనడా కప్ అంతిమ పోటీలో సోవియట్ జట్టు ఆతిథ్య దేశాన్ని 8–1తో చిత్తుచేసింది. 1984 సారయెవో ఒలింపిక్స్‌లో ఆడిన ఏడు పోటీలూ గెలిచి స్వర్ణం అందుకుంది.

1985లో వ్యక్తిగత విషాదం అతన్ని కుదిపింది. అతడు ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురై, హాకీలోనే భవిష్యత్తు వెదుక్కుంటున్న తమ్ముడు అనతోలీ మరణించాడు. ఆ దుఃఖం తరువాత ఆట మానుకుందామని తలచినా, మళ్ళీ మంచుమీదికి వచ్చి, 1986లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలో స్వర్ణం గెలిచాడు. 1987 కెనడా కప్ అంతిమ పరంపర ఈ దళపు కళకు పరాకాష్ఠ. వేన్ గ్రెట్జ్‌కీ, మారియో లెమ్యూ వంటివారున్న కెనడాతో ఆడిన మూడు పోటీలూ 6–5 తేడాతోనే ముగిశాయి. మూడవదానిలో నిమిషం 26 సెకన్ల వ్యవధి మిగిలి ఉండగా లెమ్యూ కొట్టిన గోల్‌తో కప్ కెనడా వశమైంది. ఓడినప్పటికీ ఆ మూడు రాత్రులు సోవియట్ హాకీని దాని ప్రత్యర్థుల దృష్టిలో శత్రుత్వపు స్థాయి నుంచి గౌరవపు స్థాయికి చేర్చాయి. మరుసటి ఫిబ్రవరిలో కాల్గరీ ఒలింపిక్స్‌లో ఫెతిసోవ్ రెండవ ఒలింపిక్ స్వర్ణం సాధించాడు. అతనికి ముప్పై ఏళ్ళు నిండబోతున్నాయి. గెలవవలసినది దేశంలో ఏమీ మిగలలేదు.

అమెరికాలోని న్యూజెర్సీ డెవిల్స్ క్లబ్బు 1983 వార్షిక ఎంపికలో అతని పేరును మళ్ళీ నమోదు చేసుకుని ఉంది. గొర్బచోవ్ సంస్కరణలతో తలుపులు సందు ఇచ్చినట్లు తోచిన వేళ, కాల్గరీ విజయం తరువాత వెళ్ళడానికి అనుమతి లభిస్తుందన్న ఆశ ఫెతిసోవ్‌కు కలిగింది. ఆ ఆశ నెరవేరలేదు. అనుమతికి ఇష్టపడిన అధికారులు కూడా జీతంలో సింహభాగాన్ని ప్రభుత్వ క్రీడావ్యాపార సంస్థకు అప్పగించాలన్నారు. తన శ్రమకు తానే యజమానినంటూ అతడు ఆ షరతును నిరాకరించాడు. 1988 అక్టోబరులో లారియొనోవ్ ‘అగన్యోక్’ వారపత్రికలో తిఖనోవ్‌ను ఉద్దేశించి బహిరంగలేఖ రాసి, శిబిర జీవితపు అమానుషత్వాన్ని దేశం ముందు పెట్టాడు. 1989 జనవరిలో ఫెతిసోవ్ ‘మస్కోవ్‌స్కీ కంసమోలెత్స్’ పత్రికలో ఇక తిఖనోవ్ కింద ఆడబోనని ప్రకటించాడు.

దేశద్రోహ భావన ఇంకా పదునుగా ఉన్న కాలంలో ఈ ప్రకటన ఎంత సాహసమో నేడు అంచనా కట్టడం కష్టం. క్లబ్బు తలుపులు మూసుకున్నాయి. సాధనకు చోటు కరువైంది. స్నేహితులు పలకరించడానికి జంకారు. రక్షణమంత్రి ద్మీత్రీ యాజవ్ పిలిపించి బెదిరించాడని ఫెతిసోవ్ అనంతరకాలంలో చెప్పుకున్నాడు. సన్నిహిత మిత్రుడూ దళంలో జోడీ అయిన కసతోనోవ్ ఈ పోరులో అతని పక్కన నిలవలేదు. ఆ ఎడబాటు ఏళ్ళ తరబడి మానని గాయమైంది. అయితే ఏప్రిల్‌లో స్టాక్‌హోం ప్రపంచ పోటీకి ముందు, మకారోవ్, లారియొనోవ్, క్రుతోవ్ తదితర ఆటగాళ్ళు టెలివిజన్‌లో కనిపించి, ఫెతిసోవ్ లేకుండా తాము ఆడబోమని చెప్పారు. సమష్టితత్త్వాన్ని నూరిపోసిన వ్యవస్థకు ఆ సమష్టే ఎదురుతిరిగింది. శిబిరంలో ఏళ్ళ తరబడి కలిపి బంధించిన ఐకమత్యం ఆజ్ఞాపించినవాడి ఆజ్ఞను దాటింది. ఫెతిసోవ్‌ను వెనక్కి తీసుకున్నారు; జట్టు స్వర్ణం గెలిచింది.

ఆ గెలుపు సంబరాల నడుమనే ఇరవై ఏళ్ళ అలెగ్జాండర్ మొగీల్నీ జట్టును వదిలి అమెరికా క్లబ్బు పక్షాన చేరాడు. ఆ రోజు స్టాక్‌హోంలో ఫెతిసోవ్‌కు కూడా అదే దారి తెరిచి ఉన్నా, అతడు మాస్కోకే తిరిగివచ్చాడు. పారిపోవడం నేరాన్ని అంగీకరించడంతో సమానమని అతని వాదం. తాను అడుగుతున్నది హక్కు కనుక దాన్ని దొడ్డిదారిన పుచ్చుకోనన్నాడు. ఆ వేసవిలో అనుమతి దొరికింది. ఇందులో అతని పట్టుదల పాలెంత, కాలం పాలెంత అన్నది తూచిచూడవలసిన విషయం. విదేశీ ద్రవ్యంకోసం రాజ్యం అల్లాడుతున్నది. సంస్కరణల గాలి సైన్యపు గోడలను కూడా తాకుతున్నది. సెర్గెయ్ ప్రియాఖిన్ అనే ఆటగాడు 1989 మార్చిలోనే అనుమతితో కాల్గరీలో చేరి ఉన్నాడు. ఫెతిసోవ్ లేకపోయినా ఒకటి రెండేళ్ళలో తలుపులు తెరుచుకునేవే. కాని రాజ్యం దయతో ఇచ్చే సెలవుకూ, పౌరుడు హక్కుగా పొందే నిష్క్రమణకూ భేదం ఉంది. ఆ భేదాన్ని సోవియట్ క్రీడారంగంలో స్థాపించిన ఘనత అతనిదీ, లారియొనోవ్‌దీ.

స్వేచ్ఛ వెంటనే సుఖాన్ని ఇవ్వలేదు. 1989 అక్టోబరులో, 31 ఏళ్ళ వయస్సులో, ఫెతిసోవ్ న్యూజెర్సీ తరఫున అరంగేట్రం చేశాడు. ఉత్తర అమెరికా వేదికలు ఐరోపా వేదికలకన్న దాదాపు నాలుగు మీటర్లు ఇరుకు. అతని కళకు ఆధారమైన ఖాళీయే అక్కడ కరువు. పక్‌ను ముందుకు విసిరి వెంటపడే పద్ధతి, దెబ్బలాటలను ఆటలో భాగంగా పరిగణించే సంప్రదాయం, స్థానికుల ఉద్యోగాలు లాక్కోవడానికి వచ్చినవారన్న అనుమానం అతని దారిలో నిలిచాయి. కసతోనోవ్ కూడా అదే జట్టులోకి వచ్చి చేరగా, మాటలు లేని ఇద్దరు పాతమిత్రులు ఒకే చొక్కా ధరించవలసి వచ్చింది. ఇతర సహచరుల అనుభవాలు కూడా సమానంగా లేవు: మకారోవ్ కాల్గరీలో ఉత్తమ నూతన క్రీడాకారుని బహుమతి గెలిచి, ఆ బహుమతికి వయోపరిమితి విధించడానికి కారకుడయ్యాడు, వాంకూవర్‌కు వెళ్ళిన క్రుతోవ్ ఒక్క సీజన్‌తోనే వెనుదిరిగాడు. శిబిర క్రమశిక్షణ బయటినుంచి విధించినది కనుక, అది తొలగగానే కొందరిలో లోపలి క్రమశిక్షణ నిలవలేదని తిఖనోవ్ పక్షపు విమర్శకులు అన్నారు. అందులో సత్యం లేకపోలేదు. అయితే ఆ సత్యం శిబిరాన్ని సమర్థించదు, శిబిరం ఆటగాళ్ళకు నేర్పనిదేమిటో చెబుతుంది.

ఫెతిసోవ్ న్యూజెర్సీలో ఆరు సీజన్లపాటు ఓర్పుతో ఆడాడు. యౌవనపు చురుకుదనం తగ్గుతున్నకొద్దీ స్థానజ్ఞానంమీద ఆధారపడుతూ, గోల్స్ చేసే రక్షకుని నుంచి నెమ్మది నేర్పే రక్షకునిగా మారాడు. అయినా 1995 ఏప్రిల్ 3న క్లబ్బు అతన్ని మూడవ విడత ఎంపిక హక్కు ఒక్కదానికి మార్పిడిగా డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు అప్పగించింది. ముప్పై ఏడేళ్ళకు చేరువవుతున్న ఆటగానికి మార్కెట్ కట్టిన వెల అది. రెండు నెలల తరువాత, లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ అంతిమ పరంపరలో డెట్రాయిట్‌ను వరుసగా నాలుగు పోటీలలో ఓడించి కప్ గెలిచినది న్యూజెర్సీయే. అతడు వదలివచ్చిన చొక్కా విజేత కాగా, కొత్త చొక్కా పరాజితమైంది.

ఆ పరాజయం నుంచి డెట్రాయిట్ శిక్షకుడు స్కాటీ బౌమన్ ఒక ఆలోచన తీశాడు. కెనడా సంప్రదాయంలో పండినవాడైన బౌమన్ తన జట్టులో ఉన్న రష్యన్ ఆటగాళ్ళను విడివిడిగా కాక ఒకే దళంగా చూడగలిగాడు. సెర్గెయ్ ఫ్యోదొరోవ్, వ్లదీమిర్ కొన్‌స్తాంతీనోవ్, వ్యాచెస్లావ్ కోజ్లోవ్ అప్పటికే అక్కడ ఉన్నారు; 1995 అక్టోబరులో లారియొనోవ్‌ను కూడా మరొక క్లబ్బు నుంచి రప్పించాడు. అదే నెల 27న కాల్గరీలో ఐదుగురినీ తొలిసారి కలిపి దింపగా డెట్రాయిట్ 3–0తో గెలిచింది. నేషనల్ హాకీ లీగ్‌లో పూర్తిగా రష్యన్ ఆటగాళ్ళతో ఏర్పడిన తొలి దళం అది. ఫ్యోదొరోవ్ 1990లో సోవియట్ జట్టునుంచి తప్పుకుని వచ్చినవాడు. కొన్‌స్తాంతీనోవ్ సైన్యపు క్లబ్బు నుంచి వచ్చినవాడు. ఇద్దరు పెద్దలు అనుమతిని గెలుచుకుని వచ్చినవారు. ఇన్ని దారులలో చెదిరిన ఒక సంప్రదాయం వేరొక ఖండంలో, ఎవరి ఆజ్ఞా లేకుండా, మళ్ళీ కూడుకుంది. ఇరుకైన మంచుపై కూడా అల్లిక ఆట సాధ్యమేనని ఫెతిసోవ్, లారియొనోవ్ చిన్నవారికి చూపారు. ఆ సీజన్‌లో జట్టు 62 పోటీలు గెలిచి కొత్త రికార్డు నెలకొల్పినా, అంతిమ పరంపరకు ముందే కొలరాడో చేతిలో ఓడిపోయింది.

1997 జూన్ 7న ఆ లోటు తీరింది. భారీకాయులకు పేరుపడ్డ ఫిలడెల్ఫియా జట్టును నాలుగు వరుస పోటీలలో ఓడించి, డెట్రాయిట్ 42 ఏళ్ళ తరువాత స్టాన్లీ కప్ గెలుచుకుంది. ఫెతిసోవ్, లారియొనోవ్ ఇద్దరూ చెరొకవైపు పట్టుకుని కప్‌ను మంచుపై ఊరేగించారు. ఈ సంతోషం ఆరు రోజులు నిలిచింది. జూన్ 13 రాత్రి, లైసెన్సు రద్దయిన వ్యక్తి నడుపుతున్న అద్దె లిమూజిన్ చెట్టును ఢీకొనగా, కొన్‌స్తాంతీనోవ్‌కు, జట్టు మర్దనకారుడు సెర్గెయ్ మ్నత్సకానోవ్‌కు తలకు తీవ్రగాయాలై ఇద్దరూ స్పృహ కోల్పోయారు; ఇద్దరి జీవితాలూ శాశ్వతంగా మారిపోయాయి. అదే వాహనంలో ఉన్న ఫెతిసోవ్ గాయాలతో బయటపడ్డాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పన్నెండేళ్ళకు రెండవసారి, తనవారు కూలినచోట తాను మిగిలాడు.

ఆ ఆగస్టులో ఫెతిసోవ్, లారియొనోవ్, కోజ్లోవ్ స్టాన్లీ కప్‌ను తొలిసారిగా రష్యాకు తీసుకువెళ్ళి, మాస్కో ఎర్రచౌక్‌లో నిలిపారు. రాజ్యం పంపనొల్లని మనిషి, రాజ్యం తలచని బహుమానాన్ని తెచ్చి జన్మభూమికి చూపడం ఋణం గురించిన పాత వివాదానికి అతడిచ్చిన గౌరవప్రదమైన సమాధానం. విశ్రమించవలసిన వయస్సులో అతడు మరొక ఏడాది ఆడాడు. 1998 జూన్ 16న వాషింగ్టన్‌ను ఓడించి డెట్రాయిట్ మళ్ళీ కప్ గెలిచినప్పుడు, చక్రాల కుర్చీలో మంచుమీదికి వచ్చిన కొన్‌స్తాంతీనోవ్ ఒడిలో కప్‌ను ఉంచారు. సహచరులు ఆ కుర్చీని తోస్తూ వేదిక చుట్టూ తిరిగారు. ఆ రాత్రితో ఫెతిసోవ్ ఆట ముగిసింది. అమెరికాలో 546 పోటీలు, 228 పాయింట్లు అతని లెక్కలో చేరాయి. ఈ అంకెలు గొప్పవి కావు. అతని శ్రేష్ఠమైన వయస్సంతా వేరొక మంచుపై ఖర్చయింది. రెండు పేజీలనూ కలిపి చదివినవారు 2008లో అంతర్జాతీయ హాకీ సమాఖ్య శతాబ్ది జట్టును ఎన్నుకున్నప్పుడు, 56 మంది నిపుణులలో 54 మంది అతని పేరు రాశారు. మరే ఆటగానికీ అన్ని ఓట్లు రాలేదు.

అతని ఉత్తరజీవితం ఈ చరిత్రను సులభమైన ముగింపుకు రానివ్వదు. న్యూజెర్సీలో సహాయ శిక్షకునిగా 2000లో మరొక స్టాన్లీ కప్‌లో పాలుపంచుకుని, 2001లో టొరొంటోలోని హాకీ కీర్తిమందిరంలో స్థానం పొంది, 2002 ఒలింపిక్స్‌లో రష్యా జట్టును నడిపి కాంస్యం సాధించిన పిదప, అతడు మాస్కోకు తిరిగివచ్చి ప్రభుత్వ క్రీడాసంస్థకు అధిపతి అయ్యాడు. 2008 వరకు ఆ పదవిలో ఉండి, అనంతరం ఎగువసభ సభ్యుడై, తనను ఒకనాడు బయటికి నెట్టిన సీఎస్‌కేఏకే అధ్యక్షుడయ్యాడు. 2009 డిసెంబరు 11న, జట్టులో రక్షకుల కొరత ఏర్పడగా, 51 ఏళ్ళ వయస్సులో ఆ క్లబ్బు చొక్కా మళ్ళీ తొడుక్కుని ఒక పోటీ ఆడాడు. 2016 నుంచి దిగువసభయైన ద్యూమాలో సభ్యుడు. 2022లో ఉక్రెయిన్ యుద్ధారంభ వేళ ఆ సభ సభ్యులపై పాశ్చాత్య ప్రభుత్వాలు విధించిన ఆంక్షల జాబితాలలో అతని పేరు కూడా చేరింది.

వీటన్నిటికన్న విశేషమైనది 2015లో అతడు చేసిన ఒక ప్రతిపాదన. రాజ్యం ఖర్చుతో శిక్షణ పొందిన యువ క్రీడాకారులు 28 ఏళ్ళు నిండేవరకు విదేశీ క్లబ్బులకు వెళ్ళకుండా నియంత్రించాలని ఆనాడు సెనేటరుగా ఉన్న ఫెతిసోవ్ సూచించాడు. అది చట్టం కాలేదు. కాని 1989లో యాజవ్ ఎదుట ఋణగ్రస్తునిగా నిలిచి వాదించిన మనిషి, పావుశతాబ్దం తరువాత ఋణదాత పక్షాన మాట్లాడడం చదువరిని ఆపి ఆలోచింపజేస్తుంది. దీన్ని కేవలం ద్వంద్వనీతి అని కొట్టివేయడం తేలిక. అతని పక్షాన కూడా చెప్పదగినది ఉంది: పద్దెనిమిదేళ్ళకే దేశం విడిచే కుర్రవాళ్ళలో చాలామంది విదేశీ ద్వితీయశ్రేణి జట్లలో కనుమరుగై, స్వదేశపు బాలుర పాఠశాలలకు తిరిగి ఏమీ ఇవ్వలేకపోవడం అతడు పదవిలో ఉండి చూసిన సంగతి. తాను పదమూడేళ్ళు సేవించి, తీర్చవలసినదంతా తీర్చి వెళ్ళానని అతని నమ్మకం. అదే లెక్క ఇతరులకూ వర్తించాలని అతని కోరిక. ఈ తర్కంలో లోపం ఒక్కటే, కాని అది పెద్దది: ఋణం తీరిందో లేదో నిర్ణయించే అధికారం ఋణదాతకే ఉండరాదన్నది 1989 నాటి ఫెతిసోవ్ పోరాటపు సారాంశం.

తిఖనోవ్ 2014 నవంబరులో మరణించాడు. ఆయన శిబిరం లేకుంటే ఆకుపచ్చ దళం ఏర్పడేది కాదనడం నిజం. ఆ శిబిరమే కొనసాగి ఉంటే ఆ దళపు విద్య ఆ గోడలమధ్యనే అంతరించేదనడం కూడా అంతే నిజం. రాజ్యం ఫెతిసోవ్‌కు ఇచ్చినది సాధన, సహచరులు, వేదిక. తరాసోవ్ ఇచ్చినది ఆటలోని భావం. మొదటిదానికి అతడు సైన్యపు క్లబ్బులో గెలిచిన టైటిళ్ళతో, ఏడు ప్రపంచ స్వర్ణాలతో, రెండు ఒలింపిక్ స్వర్ణాలతో వడ్డీతో సహా చెల్లించాడు. రెండవదానికి చెల్లింపు మాస్కోలో సాధ్యపడలేదు. ఆ పని డెట్రాయిట్‌లో జరిగింది: ముప్పై ఎనిమిదేళ్ళ రక్షకుడు తనకన్న పదేళ్ళు చిన్నవారికి, పక్ చేతనున్న వానికన్న లేనివాని కదలికే ముఖ్యమన్న పాత పాఠాన్ని, ఇరుకైన పరాయి మంచుపై, ఎవరూ అడగకుండానే, ఆడి చూపాడు.